టూ-ఇన్-వన్: రేడియో కలిసిన టేప్ రికార్డర్

టూ-ఇన్-వన్ అంటే రేడియో, క్యాసెట్ టేప్ రికార్డర్ ఒకే పెట్టెలో అమరి, సెల్లులతోనూ కరెంటుతోనూ పనిచేసే, చేత పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోగలిగిన పరికరం. తెలుగు ఇళ్లలో ఎక్కువమంది దీన్ని ఉత్త టేప్ రికార్డర్ అనే పిలిచారు. దుకాణాల్లో, మెకానిక్కుల దగ్గర టూ-ఇన్-వన్ అన్నారు. జపాన్‌లో దీని పేరు రాజికాసె, అమెరికాలో బూమ్‌బాక్స్. ఇది 1960లలో ఐరోపాలో పుట్టింది. 1970లలో జపాన్ కర్మాగారాల్లో పెరిగి, 1980లలో ప్రపంచమంతటా మామూలు ఇళ్లకు చేరింది. 2000 తర్వాత కొద్ది ఏళ్లలోనే వాడుక నుంచి తప్పుకుంది.

రేడియో, టేప్ రికార్డర్ అంతకుముందు విడివిడిగా ఉన్నవే. రెండింటినీ ఒక పెట్టెలోకి తెచ్చినప్పుడు కొత్తగా చేరింది ఒక చిన్న తీగ. రేడియో భాగం పట్టిన శబ్ద సంకేతాన్ని నేరుగా రికార్డింగ్ హెడ్‌కు చేర్చే లోపలి దారి అది. అది లేని రోజుల్లో రేడియోలో వచ్చే పాటను పట్టుకోవాలంటే స్పీకరు ముందు మైకు పెట్టి, పాట అయ్యేదాకా ఇంట్లో అందరినీ మాట్లాడవద్దని బతిమాలుకోవాలి. వంటింట్లో గిన్నెల చప్పుడు, వీధిలో కుక్క అరుపు పాటతోపాటే టేపుకెక్కేవి. లోపలి తీగ వచ్చాక, గాలిలో వచ్చిన ప్రసారం మళ్లీ గాలి తగలకుండానే టేపు మీదికి చేరింది. ఒకసారి వినిపించి పోయే శబ్దాన్ని తన దగ్గర ఉంచుకునే అధికారం సులువుగా వినేవాడి చేతికి వచ్చింది. ఈ పరికరం గురించి చెప్పుకోదగిన సంగతుల్లో చాలా వాటికి మూలం ఆ తీగే.

పుట్టుక

1960ల ఆరంభం వరకు టేప్ రికార్డర్ అంటే రెండు పెద్ద రీళ్లు పైకి కనిపించే బరువైన యంత్రం. టేపు కొసను చేత్తో పట్టి, హెడ్ల ముందునుంచి దూర్చి, అవతలి రీలుకు చుట్టాలి. రేడియో కేంద్రాలు, పరిశోధకులు, కాస్త డబ్బున్న సంగీతాభిమానులు తప్ప దాని జోలికి పోయినవారు తక్కువ. నెదర్లాండ్స్ సంస్థ ఫిలిప్స్‌కు బెల్జియంలోని హాసెల్ట్‌లో ఒక కర్మాగారం ఉండేది. అక్కడ కొత్త ఉత్పత్తుల పనిని నడిపిన ఇంజినీరు లూ ఓటెన్స్ (1926–2021) జేబులో పట్టే రికార్డర్ చేయాలనుకున్నారు. తన కోటు జేబులో పట్టేంత చెక్కముక్క ఒకటి కోయించి, యంత్రం ఆ కొలత దాటకూడదని తన బృందానికి చెప్పారు. ఆ చెక్కముక్క ఇప్పుడు ఏ మ్యూజియంలోనూ లేదు. కారు టైరు మార్చేటప్పుడు జాకీ కింద ఎత్తు కోసం వాడి, ఆయనే దాన్ని పోగొట్టుకున్నారు. 1963 ఆగస్టులో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ ‘ఇఎల్ 3300’ అనే రికార్డర్‌ను, అందులో పెట్టే కాంపాక్ట్ క్యాసెట్‌ను జనం ముందుకు తెచ్చింది.

పోటీ లేకపోలేదు. జర్మనీకి చెందిన గ్రుండిగ్ 1965లో డిసి-ఇంటర్నేషనల్ అనే మరో క్యాసెట్ తెచ్చింది. అమెరికాలో కార్ల కోసం ఎయిట్-ట్రాక్ కార్ట్రిడ్జి వచ్చింది. వాటన్నిటినీ ఫిలిప్స్ క్యాసెట్ దాటిపోవడానికి పనితనం ఒక్కటే కారణం అనలేం. సోనీతో బేరసారాలు జరిగాక ఫిలిప్స్ రాయల్టీ వదులుకుని, కొలతలను అక్షరాలా పాటిస్తే చాలునని ఇతర తయారీదారులకు అనుమతి ఇచ్చింది. క్యాసెట్ చరిత్రలో ఇంతకంటే దూరదృష్టి ఉన్న నిర్ణయం మరొకటి కనిపించదు. కరీంనగర్‌లో ఒక కంపెనీ యంత్రం మీద రికార్డు చేసిన క్యాసెట్ దుబాయిలో ఇంకో కంపెనీ యంత్రంలో అదే వేగంతో, అదే గొంతుతో పలికిందంటే దాని వెనుక ఉన్నది ఈ ఒప్పందమే.

రేడియోను, క్యాసెట్‌ను కలిపిన తొలి పెట్టెను కూడా ఫిలిప్సే 1966లో ‘రేడియోరికార్డర్’ పేరుతో తెచ్చింది. 1968లో జపాన్‌లో ఐవా టిపిఆర్-101 వచ్చింది. ఆ తర్వాత సోనీ, నేషనల్, సాన్యో, షార్ప్, జెవిసి, హిటాచి, తోషిబా వరసగా ఈ రంగంలోకి దిగాయి. పదేళ్లలో ఈ వస్తువు పూర్తిగా జపాన్ వస్తువు అయిపోయింది.

పెట్టె లోపల

క్యాసెట్‌లోని టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. సి-60 క్యాసెట్ ఒక్కో వైపు 30 నిమిషాలు రావాలంటే దాదాపు 86 మీటర్ల టేపు కావాలి, సి-90కి దాదాపు 129 మీటర్లు. బయటి డొల్ల కొలత మారదు కాబట్టి నిడివి పెరిగినకొద్దీ టేపు పల్చబడాలి. సి-60 టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సి-90ది 12, సి-120ది 9. అంత పల్చని సి-120 టేపు సాగిపోయేది, రోలరుకు చుట్టుకునేది. అనుభవమున్న దుకాణదారు దాన్ని అడిగినా వద్దనేవాడు.

ప్లాస్టిక్ పొర మీద ఐరన్ ఆక్సైడ్ రేణువులను అతికించిన పూతే టేపుకు ప్రాణం. 1970 నుంచి క్రోమియం డయాక్సైడ్ టేపులు, 1979 నుంచి మెటల్ టేపులు కూడా వచ్చాయి. తెలుగునాట మామూలు ఇళ్లలో తిరిగినవి మాత్రం చాలావరకు ఐరన్ ఆక్సైడ్ క్యాసెట్లే. హెడ్ అంటే చుట్టూ తీగ చుట్టిన చిన్న విద్యుదయస్కాంతం. దాని ముఖం మీద ఒకటి రెండు మైక్రాన్ల వెడల్పున సన్నని చీలిక ఉంటుంది. రికార్డు చేసేటప్పుడు శబ్దానికి అనుగుణంగా మారే అయస్కాంత క్షేత్రం ఆ చీలిక దగ్గర టేపు మీద ముద్రపడుతుంది. ప్లే చేసేటప్పుడు ఆ ముద్రలు చీలిక ముందునుంచి కదిలిపోతూ తీగచుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టిస్తాయి. యాంప్లిఫయర్ దాన్ని స్పీకరును కదిలించేంతగా పెంచుతుంది.

టేపు వేగాన్ని నిలబెట్టేది క్యాప్‌స్టన్ అనే నునుపైన ఉక్కు కడ్డీ. ఒక రబ్బరు రోలరు టేపును దానికి అదిమి పట్టి ఉంచుతుంది. కడ్డీ కింద బరువైన ఫ్లైవీలు, మోటారు నుంచి దానికి రబ్బరు బెల్టు. రీళ్లు టేపును చుట్టుకోవడానికే గాని దాని వేగంతో వాటికి పని లేదు. రీలు మీద టేపు పెరిగేకొద్దీ అది తిరిగే వేగం తగ్గుతూ పోవాలి. అందుకని అక్కడ పట్టు వదులుతూ జారే క్లచ్చి పెడతారు. రోలరుకు మురికి పట్టినా, క్లచ్చి బిగువు తప్పినా టేపు బయటికి వచ్చి చిక్కుపడుతుంది. జనం ‘టేపు తినేసింది’ అనేది దీన్నే. ఆ చిక్కు తీసి, రెనాల్డ్స్ పెన్నునో పెన్సిలునో చక్రంలో దూర్చి తిప్పి బిగించడం అందరికీ వచ్చిన విద్య.

స్టీరియో విషయంలో క్యాసెట్ రూపకర్తలు ఎంతో ముందుచూపు చూపారు. కుడి, ఎడమ ట్రాకులు రెండింటినీ ఒకే వైపు పక్కపక్కన ఉంచారు. మోనో యంత్రం హెడ్ ఆ రెండింటినీ కలిపి ఒకటిగా చదువుతుంది. అందువల్ల ఖరీదైన స్టీరియో సెట్టులో చేసిన క్యాసెట్ చవక మోనో పెట్టెలోనూ ఏ లోటూ లేకుండా పలికింది. ఏ పాటా సగం వినబడకుండా పోలేదు.

చవక యంత్రంలో, మంచి యంత్రంలో అసలు తేడా రికార్డింగు పద్ధతిలో ఉంటుంది. పాత రికార్డింగును చెరపడానికి చవక యంత్రాల్లో ఒక అయస్కాంతపు ముక్క ఉంటుంది. ప్లే నొక్కినప్పుడు పక్కన ఉండి, రికార్డు నొక్కినప్పుడు టేపుకు ఆనుతుంది. దానివల్ల టేపు మీద బుస్సుమనే మోత మిగులుతుంది. మంచి యంత్రాల్లో మనిషి చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యం ఉన్న విద్యుత్తును హెడ్‌కు కలిపి పంపుతారు. దీన్ని బయాస్ అంటారు. ఐరన్ ఆక్సైడ్ రేణువులు చిన్న సంకేతాలకు సరిగా స్పందించవు. ఆ మొరాయింపును బయాస్ పోగొడుతుంది. అయితే రేడియో పక్కనే ఉండటం వల్ల ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. బయాస్ ప్రకంపనల గుణిజాలు మీడియం వేవ్ బ్యాండులోకి చొరబడి, పట్టిన స్టేషను తరంగంతో రాసుకుని సన్నని ఈల పుట్టిస్తాయి. రికార్డు మీట నొక్కగానే రేడియోలో కూత మొదలయ్యేది ఇందుకే. దీనికి విరుగుడుగా చాలా సెట్ల వెనక ‘బీట్ క్యాన్సెల్’ అని చిన్న స్విచ్చి ఉంటుంది. అది బయాస్ పౌనఃపున్యాన్ని కాస్త పక్కకు జరిపి, ఈలను చెవికి అందకుండా చేస్తుంది. అమ్మేవాడు చెప్పలేదు, కొన్నవాడు అడగలేదు. ఆ స్విచ్చి ఎందుకుందో తెలియకుండానే లక్షల సెట్లు పాతబడ్డాయి. రెండు యంత్రాలను ఒక కప్పు కింద కాపురం పెట్టించడం ఎంత కష్టమో ఈ ఒక్క స్విచ్చి చెబుతుంది.

శబ్దపు మోతాదును తనంతట తానే సర్దే ఏర్పాటు మరొకటి. గొంతు పెద్దదైతే తగ్గిస్తుంది, చిన్నదైతే పెంచుతుంది. ఎవరైనా రికార్డు మీట నొక్కి కూర్చోవచ్చు, ముల్లు చూస్తూ సర్దాల్సిన పని లేదు. సంగీతానికి మాత్రం ఇది చేటు. వీణ తీగ మోగి మెల్లగా అణిగిపోవలసిన చోట యంత్రం ఆ అణుకువను ఒప్పుకోదు, మోతాదు పెంచి గదిలోని హోరును పైకి లాగుతుంది. పాత ఇంటి క్యాసెట్లలో పాటకూ పాటకూ నడుమ హోరు ఉబికి రావడానికి కారణం ఇదే.

రేడియో భాగం ఆనాటి మంచి ట్రాన్సిస్టరు లాంటిదే. మీడియం వేవ్‌కు లోపల అడ్డంగా పడుకున్న ఫెర్రైట్ కడ్డీ ఏరియల్‌గా పనిచేస్తుంది. దానికి దిక్కు ఉంటుంది, పెట్టెను కాస్త తిప్పితే స్టేషను స్పష్టమవుతుంది. షార్ట్ వేవ్‌కు, ఎఫ్ఎంకు బయటికి లాగే గొట్టపు ఏరియల్. ఎఫ్ఎం బ్యాండు మాత్రం దేశాన్ని బట్టి మారింది. జపాన్‌లో అమ్మిన సెట్లకు 76–90 మెగాహెర్ట్జ్, సోవియట్ దేశాల సెట్లకు దాదాపు 65–74, మిగతా ప్రపంచంలో చాలాచోట్ల 87.5–108. జపాన్‌లో వాడిన పాత సెట్టు ఎవరైనా తెచ్చి ఇస్తే అందులో ఇక్కడి ఎఫ్ఎం కేంద్రాలు చాలావరకు పలకకపోవడం సెట్టు లోపం కాదు.

సెల్లుల బరువు కూడా ఈ పెట్టె స్వభావంలో భాగమే. చిన్నవాటికి నాలుగు పెద్ద సెల్లులు, కొంచెం పెద్దవాటికి ఆరు. షార్ప్ జిఎఫ్-777 లాంటి భారీ సెట్టుకు పది. కరెంటులో ఎక్కువ భాగం మోటారే తాగుతుంది. అందుకే సెల్లులు డీలా పడినప్పుడు రేడియో బాగానే పలుకుతుంటే, టేపు మాత్రం గొంతు ఈడ్చుకుంటూ నడుస్తుంది. అలాంటి సెల్లులను ఎండలో పెట్టి మళ్లీ వేసుకోవడం ఊళ్లలో మామూలు. వేడికి లోపలి రసాయన చర్య కాస్త చురుకై ఇంకో గంట పలికించేది.

గాలిలోంచి టేపు మీదికి

ఇప్పుడు లోపలి తీగ దగ్గరికి వద్దాం. మీడియం వేవ్ ప్రసారంలో శబ్దం దాదాపు 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. మామూలు టూ-ఇన్-వన్ టేపు 8 నుంచి 10 కిలోహెర్ట్జ్ వరకు పట్టగలదు. అంటే సంగీతజ్ఞులు చవకబారని తీసిపారేసిన ఆ చిన్న యంత్రం, రేడియో ఇచ్చినంతా పట్టుకోవడానికి సరిపోయింది. మీడియం వేవ్ ప్రసారాన్ని లోపలి తీగ ద్వారా టేపు చేస్తే మిగిలే నష్టం టేపు హోరు, వేగంలో చిన్న ఊగిసలాట మాత్రమే.

దీన్ని ఒక పద్ధతిగా మార్చినవారు జపనీయులు. ఎఫ్ఎం ప్రసారాలను క్యాసెట్లకు ఎక్కించుకోవడం అక్కడ 1970లలో యువతరానికి పెద్ద వ్యాపకం. 1966లో మొదలైన ఎఫ్ఎం ఫ్యాన్, 1974లో వచ్చిన ఎఫ్ఎం రెకొపాల్, 1981లో వచ్చిన ఎఫ్ఎం స్టేషన్ లాంటి పత్రికలు రాబోయే కార్యక్రమాల్లో ఏ పాట ఎప్పుడు వస్తుందో ముందుగా అచ్చువేసేవి. క్యాసెట్‌లో మిగిలిన టేపుకు సరిపోతుందో లేదో చూసుకోవడానికి నిడివి కూడా ఇచ్చేవి. ప్రసార సంస్థలు, పత్రికలు, యంత్రాల తయారీదారులు ముగ్గురూ శ్రోత రికార్డు చేసుకుంటాడన్న సంగతిని బాహాటంగా ఒప్పుకుని అతనికి సాయపడిన అరుదైన సందర్భం ఇది.

తెలుగునాట అలాంటి పత్రికలు లేవు. ఇక్కడ చెవే పత్రిక. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం, దక్కన్ రేడియో నుంచి 1950లో ఆకాశవాణి చేతికి వచ్చిన హైదరాబాద్ కేంద్రం, 1963లో వచ్చిన విశాఖపట్నం, కడప కేంద్రాలు, వివిధ భారతి వేళలు ఇంటింటా కంఠోపాఠం. పొద్దున భక్తిరంజని, ఉషశ్రీ ధర్మసందేహాలు, రేడియో నాటకాలు, సినిమాను గంటకు కుదించిన శబ్దచిత్రాలు ఇళ్లలో టేపుకెక్కాయి. షార్ట్ వేవ్‌లో అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతుతో సిలోన్ నుంచి వచ్చే తెలుగు సినిమా పాటల కోసం క్యాసెట్‌ను ముందే సరిచేసి, రికార్డు, పాజ్ మీటలు రెండూ నొక్కి కాచుకున్నవారు ఉన్నారు. పాట మొదలవగానే పాజ్ వదలాలి. అనౌన్సరు మాట పూర్తయ్యేదాకా ఆగితే పల్లవి ముందరి సంగీతం పోతుంది, తొందరపడితే అనౌన్సరు మాట టేపుకెక్కుతుంది. ఈ వేలి నేర్పు చిన్న విషయం కాదు. షార్ట్ వేవ్ అలల్లా పొంగుతూ కుంగుతూ రావడంవల్ల ఆ టేపుల్లో పాట దగ్గరికొచ్చి దూరమైపోతుంటుంది.

న్యూయార్క్ వీధులు

1970ల చివరినాటికి ఈ పెట్టె అమెరికా నగరాల్లో భుజానికెక్కింది. జెవిసి ఆర్‌సి-550, ఆర్‌సి-ఎం90, షార్ప్ జిఎఫ్-777, లాసోనిక్, కోనియన్ సెట్లు బ్రాంక్స్, బ్రూక్లిన్, హార్లెంలలో నల్లజాతి, లాటినో యువకుల చేతుల్లో వీధి వేదికలయ్యాయి. హిప్-హాప్ సంగీతం గ్రామఫోను కంపెనీల దాకా పోకముందే, పార్కుల్లో జరిగిన కచేరీల టేపుల ద్వారా, వాటి నకళ్ల ద్వారా ఊరంతా పాకింది. ఎల్ఎల్ కూల్ జె 1985 ఆల్బమ్ ‘రేడియో’ అట్ట మీద ఉన్నది ఆర్‌సి-ఎం90. స్పైక్ లీ 1989 చిత్రం ‘డూ ద రైట్ థింగ్’లో రేడియో రహీమ్ మోసిన పెట్టె ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి జాతీయ మ్యూజియం సేకరణలో ఉంది. 1979 జులై 1న సోనీ వాక్‌మన్ అమ్మకానికి వచ్చి సంగీతాన్ని ఒక్కరి చెవికి పరిమితం చేసింది. ఈ పెట్టె మాత్రం వీధిలో అందరికీ వినిపించింది. ఆ వీధుల్లోని యువకులకు వేరే వేదిక ఎవరూ ఇవ్వలేదన్నది మరిచిపోకూడని సంగతి.

తెలుగునాట

భారతదేశంలో రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాల్సిన రోజుల్లోనే టూ-ఇన్-వన్ అడుగుపెట్టింది. ఆ లైసెన్సు 1980లలో రద్దయింది. ఫిలిప్స్, బుష్, మర్ఫీ, బిపిఎల్-సాన్యో లాంటి పేర్లతో ఇక్కడ తయారైన సెట్లు పట్టణాల్లో దొరికేవి. కానీ పల్లెల్లో మొదటి పెద్ద సెట్టు తరచు విమానంలో వచ్చింది. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకున్నప్పుడు కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి, కోనసీమ నుంచి వేలమంది దుబాయి, కువైట్, మస్కట్, సౌదీ వెళ్లారు. సెలవుకు వచ్చేటప్పుడు వారి చేతిలో ఉన్న సామానులో నేషనల్ పానాసోనిక్ సెట్టు ఒకటి ఉండేది. దానికి ప్లాస్టిక్ కవరు తీయకుండా, పైన కుట్టుపని గుడ్డ కప్పి ముందు గదిలో ఉంచడంలో ఉన్నది డాబు ఒక్కటే కాదు. ఒక మనిషి ఎండలో రెండేళ్లు పడిన కష్టం ఆ పెట్టె రూపంలో ఇంట్లో కూర్చుంది.

గల్ఫ్ వెళ్లినవారి కుటుంబాల్లో ఆ సెట్టు మరో పని కూడా చేసింది. చదువు రానివారికి ఉత్తరం అంటే ఎవరినో బతిమాలి రాయించుకునేది, ఇంకెవరితోనో చదివించుకునేది. మనసులో మాట చెప్పుకోవడానికి నడుమ మూడో మనిషి. క్యాసెట్ ఆ మనిషిని తప్పించింది. సెట్టులోని మైకు ముందు కూర్చుని భార్య మాట్లాడింది, పిల్లలు పాఠం అప్పజెప్పారు, తల్లి ఏడ్చింది. ఊరికి వెళ్లేవారి చేతికిచ్చి ఆ క్యాసెట్‌ను అవతలికి పంపారు. తిరిగి వచ్చిన జవాబును అదే క్యాసెట్ మీద మళ్లీ రికార్డు చేసేవారు కాబట్టి ఇలాంటి మాటలు చాలావరకు చెరిగిపోయాయి. తెలుగు వలసల చరిత్ర రాసేవారికి ఇంతకంటే పెద్ద లోటు లేదు.

బజారులో రికార్డింగ్ సెంటర్లు పుట్టాయి. పాటల చీటీ, ఖాళీ క్యాసెట్ ఇచ్చి పోతే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవారు. ఎల్పీ రికార్డులు, మంచి డెక్కులు దుకాణదారు పెట్టుబడి, ఎంపిక కొనేవాడిది. మెల్‌ట్రాక్, టి-సీరీస్, సోనీ, టిడికె క్యాసెట్లు అద్దాల బీరువాల్లో వరసగా ఉండేవి. గ్రామఫోను రికార్డు వేయించాలంటే పెద్ద కంపెనీ ఒప్పుకోవాలి. క్యాసెట్‌కు అంత పెట్టుబడి అక్కర్లేదు. దాంతో హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు, బుర్రకథలు, ఒగ్గుకథలు, అయ్యప్ప భజనలు, ఊరి జాతర పాటలు అచ్చు క్యాసెట్లుగా వచ్చాయి. సినిమా పాటకు పక్కన, దానితో సంబంధం లేని ఒక పెద్ద శబ్ద ప్రపంచం తయారైంది. గద్దర్, జననాట్య మండలి పాటలు సభలకు రాలేనివారి దగ్గరికి క్యాసెట్ల మీదే వెళ్లాయి. ఒక్క అసలు క్యాసెట్ చాలు, నకళ్లు పుట్టించడానికి రెండు సెట్లు చాలు. ఇరాన్ విప్లవానికి ముందు 1978లో పారిస్ దగ్గర ఉన్న ఖొమేనీ ప్రసంగాలు టెలిఫోను ద్వారా టెహరాన్ చేరి, క్యాసెట్లకెక్కి, దేశమంతా పాకింది కూడా ఈ దారినే. ప్రభుత్వ రేడియో ఎంత పెద్దదైనా ఇంటింటా ఉన్న రికార్డు మీటను అదుపు చేయలేకపోయింది.

ఉత్తర భారతంలో జరిగిన ఇలాంటి మార్పును అమెరికా సంగీత పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ 1993లో ‘క్యాసెట్ కల్చర్’ అనే గ్రంథంలో వివరించారు. గుల్షన్ కుమార్ నడిపిన టి-సీరీస్ ఎదుగుదల అందులో ప్రధాన ఘట్టం. తెలుగు ప్రాంతానికి అంత విస్తృతమైన పుస్తకం ఎవరైనా రాయాలి. ఆ దుకాణాలు నడిపినవారు, పాటలు పాడినవారు చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు.

చట్టం ముందు

శ్రోత చేతికి వచ్చిన అధికారం హక్కుదారులకు నష్టంగా కనిపించింది. పశ్చిమ జర్మనీ 1965 కాపీరైటు చట్టంలోనే రికార్డింగు యంత్రాల మీద రుసుము విధించి, దాన్ని రచయితలకు, కళాకారులకు పంచే ఏర్పాటు చేసింది. 1985లో ఖాళీ టేపులకూ విస్తరించింది. ఇంట్లో చేసే పనిని నేరమనకుండా, పాడినవాడి కడుపు కొట్టకుండా చూసిన పద్ధతి ఇది. అన్నిటికంటే న్యాయంగా తోచేదీ ఇదే. బ్రిటన్‌లో వివాదం రెండు క్యాసెట్లు పట్టే యంత్రాల మీద నడిచింది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు రెట్టింపు వేగంతో నకలు తీసే సెట్లు అమ్మడం కాపీరైటు ఉల్లంఘనకు అనుమతి ఇవ్వడమేనని రికార్డు కంపెనీలు ఆమ్‌స్ట్రాడ్ మీద దావా వేశాయి. ఆ యంత్రంతో ఏం చేయాలన్నది కొన్నవాడి నిర్ణయమేనంటూ 1988లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వాదాన్ని తోసిపుచ్చింది. భారతదేశం 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి శిక్షలు పెంచింది. ప్రతి అచ్చు క్యాసెట్ మీదా తయారీదారు పేరు, చిరునామా, హక్కుదారు వివరం, ప్రచురణ సంవత్సరం ఉండాలని 52ఎ సెక్షన్ చేర్చింది. ఆ వివరాలు లేని క్యాసెట్లు తెలుగు బజార్లలో ఆ తర్వాతా ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి.

వాడుక తగ్గాక

1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు, ఆ తర్వాత ఎంపి3, సెల్‌ఫోను ఈ పెట్టెను పక్కకు నెట్టాయి. సిడి తయారీలోనూ లూ ఓటెన్స్ పాత్ర ఉంది. జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్ అమ్మకాలను సోనీ 2010లో ఆపేసింది. ఇప్పుడు కొత్తగా దొరికే క్యాసెట్ యంత్రాల్లో చాలావరకు జపాన్ టనాషిన్ కంపెనీ పాత నమూనాకు చవక నకళ్లే. వాటిలో టేపు హోరును తగ్గించే డాల్బీ సౌకర్యమూ ఉండదు. అందుకే పాత మంచి సెట్టును బాగుచేసి వాడుకోవడమే మేలు.

అటకమీది సెట్టు దించితే మొదట సెల్లుల అర చూడాలి. సెల్లులు కారి స్ప్రింగులు పచ్చగా తుప్పుపట్టి ఉంటాయి. రబ్బరు బెల్టు తెగిపోయి ఉండవచ్చు, లేదా జిగురులా కరిగి చక్రాలకు అంటుకుని ఉండవచ్చు. దాన్ని స్పిరిట్‌తో పూర్తిగా తుడిచాకే కొత్త బెల్టు వేయాలి. గరగరలాడే వాల్యూమ్ కంట్రోలుకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు తిప్పితే తరచు సరిపోతుంది. హెడ్‌ను దూదితో, స్పిరిట్‌తో తుడవాలి. గోకకూడదు. ఇంత చేశాక కూడా గొంతు మందంగా ఉంటే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ వంక చూడాలి. హెడ్ చీలిక టేపుకు సరిగ్గా 90 డిగ్రీల్లో నిలబడాలి. కొద్దిగా వాలినా పై స్వరాలన్నీ మాయమవుతాయి.

ఇంటి క్యాసెట్లను కంప్యూటరులోకి మార్చేటప్పుడు ఈ స్క్రూ సంగతి మరీ ముఖ్యం. అప్పట్లో రికార్డు చేసిన సెట్టు హెడ్ వాలి ఉంటే ఆ టేపు మీది ముద్ర కూడా అదే వాలులో ఉంటుంది. సరిగా సర్దిన కొత్త డెక్కులో అది మూగగా పలుకుతుంది. ప్రతి క్యాసెట్‌కూ చెవిపెట్టి వింటూ, శబ్దం విచ్చుకునేదాకా స్క్రూ తిప్పాలి. ధ్వని భాండారాల అంతర్జాతీయ సంఘం సూచించే కనీస ప్రమాణం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు. బూజు పట్టిన టేపును ముందుగా శుభ్రం చేయకుండా యంత్రంలో పెట్టకూడదు. తీరప్రాంతపు తేమలో ఉన్న క్యాసెట్లకు ఇది తరచు ఎదురయ్యే బాధ.

ఈ పని తొందరగా జరగాలి. ప్రసార సంస్థలు తమ టేపులను తామే చెరిపి మళ్లీ వాడుకున్న చరిత్ర ప్రపంచమంతటా ఉంది. బీబీసీ 2001లో తాను పోగొట్టుకున్న రేడియో, టీవీ కార్యక్రమాల కోసం ప్రజలకే విజ్ఞప్తి చేసింది. ఇళ్లలో చేసుకున్న రికార్డింగులు అలా బయటికి వచ్చాయి. తెలుగు రేడియో నాటకాల్లో, సంగీత కార్యక్రమాల్లో కొన్నిటికి మిగిలిన ఒకే ఒక్క ప్రతి ఎవరో శ్రోత టూ-ఇన్-వన్‌లో నింపుకున్న సి-90 క్యాసెట్ అయ్యే అవకాశం బాగా ఉంది. అలాంటి క్యాసెట్ చేతికొస్తే ముందు పై అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ రెక్కలు విరిచేయాలి. అప్పుడు దాని మీద పొరపాటున ఇంకేదీ రికార్డు కాదు. అట్ట మీది రాతను ఫొటో తీసి ఫైలుతోపాటే ఉంచాలి. పాటల నడుమ వేలు తొందరపడి పట్టేసిన అనౌన్సరు మాటలను, వాణిజ్య ప్రకటనలను, సమయం చెప్పిన గొంతును కత్తిరించకూడదు. ఏ కేంద్రం నుంచి, ఏ సంవత్సరంలో, రోజులో ఏ వేళకు ఆ ప్రసారం వచ్చిందో తేల్చడానికి పరిశోధకుడికి దొరికే ఆధారాలు చాలాసార్లు అవే.